పలుకు మీద దించాలి

"'అయ్యో అత్తయ్యా, పాడు చేసేశారే!' అదండీ నా నోట్లోంచి ఊడిపడ్డ మొదటి మాట. చెయ్యరాని పని చేస్తూ దొరికిపోయినట్టు బిగుసుకుపోయింది మనిషి. డెబ్బై నాలుగేళ్ళు ఆవిడకి. ఒక చేత్తో నోరు మూసుకుంది, ఇంకో చేత్తో స్టవ్ ఆపేసింది. అప్పుడేమందో తెలుసా? 'ఏమనుకోకు అల్లుడూ' అంది. నన్ను క్షమాపణ అడిగిందండీ ఆవిడ. నన్ను!"

పళ్ళ మేస్త్రి అక్కడ ఆగి, గిర్రున తిరుగుతున్న పాలిష్ చక్రానికి నా రెండు కట్టుడు పళ్ళ ప్లేటును ఆనించాడు. ఆ రొదలో మాట్లాడక్కర్లేదు కదా, దానికోసమే ఆనించాడనిపించింది. ప్లేటు అప్పటికే అద్దంలా మెరుస్తోంది.

వీధిలో అందరూ ఆయన్ని పళ్ళ మేస్త్రి అనే పిలుస్తారు. పన్ను పీకడం, పెట్టడం డాక్టర్ల పని. ఆ పెట్టే పళ్ళను తయారు చేసేది ఈయన. ఇరవై ఎనిమిదేళ్ళుగా అదే గది. ఇద్దరు కూర్చుంటే మూడోవాడు గుమ్మంలో నిలబడాలి. గోడకి మూడు అరలు, అరల నిండా తెల్లటి సుద్ద దవడలు. బల్ల మీద స్పిరిట్ దీపం, గులాబీ రంగు మైనం పలకలు, పై దవడనీ కింది దవడనీ కలిపి పట్టుకునే ఇనప కీలు చట్రం. ఏ మూల చేయి పెట్టినా సుద్దపొడి అంటుతుంది. ఆయన కనుబొమల మీద కూడా ఉంటుంది. నేను వాళ్ళ ఇంటి కింది వాటాలో ఉంటాను కాబట్టి మెట్ల మీద రోజూ ఎదురుపడతాం. కానీ ఆయన నాతో ఇంతసేపు మాట్లాడటం ఇదే మొదలు. తొమ్మిది రోజులుగా ఎవరికీ చెప్పుకోలేదట. విరిగిన ప్లేటుతో నేను దొరికాను.

చక్రం ఆగింది.

"మొదట్నుంచీ చెప్పండి, నాకేం తొందర లేదు" అన్నాను.

మొదట్లో ఉన్నది ఒక పుస్తకం. రెండేళ్ళ కిందట ఒక డాక్టరు తన ఆస్పత్రికి సున్నం వేయిస్తూ, పేషెంట్లు కూర్చునే గదిలోని పాత పుస్తకాలన్నీ అట్టపెట్టెలో పడేశాడు. పళ్ళ సెట్లు ఇవ్వడానికి వెళ్ళిన మేస్త్రి ఆ పెట్టెలో ఒక లావుపాటి వంటల పుస్తకం చూశాడు. ఇటలీ ఇళ్ళల్లో తరతరాలుగా వండుకునే వంటలట. ఇంగ్లీషులో ఉంది. వీపు ఊడిపోయింది. ఊరికే బొమ్మలు తిరగేస్తుంటే ఒకచోట 'టూత్' అన్న మాట కనిపించింది.

"పళ్ళతో బతికేవాణ్ణి. వంటల పుస్తకంలో పన్ను కనిపిస్తే వదులుతానా? ఇంటికి తెచ్చి అత్తయ్యకిచ్చాను, ఇదేంటో చదివి చెప్పమని."

అత్తయ్య, అంటే మేస్త్రి భార్య తల్లి, టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్పై ఒక్క ఏళ్ళు ఆపరేటరుగా చేసింది. చెవికి తగిలించుకునే ఫోన్లూ తీగల బోర్డులూ ఉన్న కాలం నాటి మనిషి. రిటైరయ్యాక కూతురి దగ్గరే ఉంటోంది. ఆవిడ గొంతు నాకు కింది వాటాలోకి కూడా వినిపించేది. మంచి గొంతు. ఏ మాటా అరిచినట్టుండదు, ఏ మాటా జారిపోదు. పాలబ్బాయితో మాట్లాడినా దూర దేశానికి లైను కలుపుతున్నట్టే ఉండేది.

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చదివి చెప్పింది. పిండితో చేసిన పట్టీలను ఉప్పునీళ్ళలో ఉడికించేటప్పుడు పూర్తిగా మెత్తబడకముందే తీసెయ్యాలట, కొరికితే పంటికి కాస్త ఎదురు తిరగాలట, దానికి వాళ్ళ భాషలో 'అల్ దెంతె' అంటారట, అంటే 'పంటికి' అని.

"ఇంత కథేం లేదు అల్లుడూ" అని పుస్తకం మూసిందట. "పలుకు మీద ఉండగానే దించాలి. అంతే. దానికి ఒక పేజీ రాశాడు మహానుభావుడు."

ఆ ఆదివారమే మొదలైంది. బస్టాండులో టికెట్ల కౌంటరులో పనిచేసే భార్యకి ఆదివారం మధ్యాహ్నం దాకా డ్యూటీ. వంటగదిలో అల్లుడూ అత్తా. స్టూలు మీద అత్త, ఒళ్ళో పుస్తకం. బల్ల దగ్గర అల్లుడు, చేతులకి పిండి.

"సుద్ద కలిపే చేతులివి. పిండి కలపడం వీటికి నేర్పాలా? గుడ్లు, మైదా. సుద్దలాగే దీనికీ ఒక ఘడియ ఉంటుంది, ముందూ పనికిరాదు, వెనకా పనికిరాదు. ఒత్తి, చుట్టి, కోశాను. టాలియటెల్లే అంటారు వాటిని. వెడల్పు ఎనిమిది మిల్లీమీటర్లు ఉండాలని ఉంది. ముందు పన్ను వెడల్పు కొలిచే పరికరం ఉందిగా, దాంతో కొలిచి కోశాను. మా ఆవిడ వచ్చి చూసి ఏమందో తెలుసా? 'కొలిచి వండారు సరే, కొలిచి తినమంటారా?' అంది."

అత్త చదివే తీరు కూడా ఆయన అనుకరించి చూపించాడు. ముక్కు చివర కళ్ళజోడు పెట్టుకున్నట్టు తల వెనక్కి వాల్చి, "'మూడు వందల గ్రాముల మైదా... మూడు, సున్నా, సున్నా. దయచేసి లైన్లో ఉండండి, పేజీ తిప్పుతున్నాను.'"

నవ్వాడు. వెంటనే ఆ నవ్వు ఎక్కడ పెట్టాలో తెలియనట్టు బల్ల మీది మైనం పలకను అటూ ఇటూ జరిపాడు.

ఆదివారం ఆదివారానికీ ఒక వంట. ఉడికించిన బంగాళాదుంపతో చిన్న చిన్న ఉండలు చేసే న్యోకీ. ఆ ఉండల మీద గీతలకి ఫోర్కు వాడమని పుస్తకం చెబితే, ఈయన మైనం చెక్కే కత్తి కొత్తది తెచ్చి వాడాడు. బియ్యాన్ని గంటెడు గంటెడు నీళ్ళు పోస్తూ కలిపే రిసొట్టో. మాంసం మూడు గంటలు సన్నసెగ మీద ఉడికే రాగూ. "రాగులనుకుని జల్లెడ తీశాను" అని అత్త వెక్కిరింపు. తిన్నాక మార్కులు వేసేదట. పదికి ఏడు దాటనిచ్చేది కాదు. "ఎనిమిది వేస్తే ఎక్స్ఛేంజి వాళ్ళకి చెప్పుకోవాలి. వాళ్ళు నమ్మరు."

నేను కింద ఉండి ఆ వాసనలు పీల్చిన రెండేళ్ళూ గుర్తొచ్చాయి. ఆవిడ గొంతు వినిపించడం ఎప్పుడు ఆగిపోయిందో మాత్రం గుర్తురాలేదు. ఆ మాటే ఆయనతో అన్నాను.

"అయిదు నెలలు" అన్నాడు ఆయన. తల ఎత్తలేదు.

అత్తయ్యకి మిగిలిన పళ్ళు కూడా కదిలిపోతే అన్నీ తీయించేశారు. చిగుళ్ళు మానాయి. మిగతాదంతా మేస్త్రి పని. డాక్టరు నవ్వి, "మీ అత్తగారే కదా, మీరే చూసుకోండి" అన్నాడట. ఈయన ఛాతీ ఉప్పొంగింది. ఆవిడకి ముప్పై ఏళ్ళప్పటి ఫోటో తీసి, ముందు పళ్ళ మధ్య అప్పట్లో ఉన్న చిన్న సందుతో సహా అలాగే పేర్చాలనుకున్నాడు. ఎక్స్ఛేంజి పాత ఉద్యోగులందరూ నెలాఖర్లో కలుసుకుంటున్నారు. అప్పటికి పళ్ళు రావాలని ఆవిడ తొందర.

ఇందులో ఒక మెట్టు ఉంది. దాన్ని బైట్ తీయడం అంటారు. మైనాన్ని వేడిచేసి మెత్తగా చేసి నోట్లో పెడతారు. మనిషి మెల్లగా నోరు మూయాలి. మైనం నలిగి, దవడలు ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతాయి. ఆ ఎత్తే పళ్ళ సెట్టుకి ఎత్తు. అది తప్పితే పై పనంతా తప్పినట్టే.

"ఆ బైట్ నేను ఎక్కడ తీశానో తెలుసా? వంటగదిలో. ఆదివారం. పొయ్యి మీద నీళ్ళు తెర్లుతున్నాయి, పట్టీలు వేసేశాను. చేత్తో చేసినవి మూడే నిమిషాలు. ఈలోపు ఒక పని అయిపోతుందిలే అని, మైనం కాచి ఆవిడ నోట్లో పెట్టాను. మూయండి అన్నాను. ఆవిడ మూస్తోంది. మైనం ఇంకా నలగాలి. నాకు తెలుస్తోంది, వేలికి తెలుస్తోందండీ. ఇంతలో టైమర్ మోగింది. పట్టీలు పలుకు దాటిపోతాయి! చాల్లెండి అత్తయ్యా అని మైనం లాగేసి పొయ్యి దగ్గరికి పరిగెత్తాను."

నెమ్మదిగా అన్నాడు: "పలుకు మీద దించానండీ. దించాల్సింది ఒకటి, దించింది రెండు."

దవడలు పూర్తిగా మూసుకోకుండానే తీసిన కొలత. దానికి సరిపడా తయారైన పళ్ళు మూడు మిల్లీమీటర్లు ఎత్తుగా వచ్చాయి. చూడ్డానికి మాత్రం అందంగా ఉన్నాయి. అందరూ మెచ్చుకున్నారు. ఆవిడ మాట్లాడితే మాత్రం పై పళ్ళూ కింది పళ్ళూ మాటమాటకీ తగిలి టకటకమన్నాయి. తింటే చిగుళ్ళు ఒరుసుకున్నాయి.

"అలవాటవుతుంది అత్తయ్యా, అన్నాను. మొదటి వారం అన్నాను. మొదటి నెల అన్నాను. మూడో నెల కూడా అదే పాట. ఆ ఎక్స్ఛేంజి వాళ్ళ కలయికకి వెళ్ళి, అంతమంది మాటకారుల మధ్య ఒక్క ముక్క మాట్లాడకుండా కూర్చుని వచ్చిందట. మా ఆవిడ చెప్పింది. అప్పుడూ అదే అన్నాను. డాక్టరు అడిగితే 'చిగుళ్ళు పలచబడ్డాయండీ, ఏ సెట్టూ ఆగదు' అన్నాను. అత్తయ్య పక్కనే ఉంది. నమ్మేసింది. అప్పట్నుంచి ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పుకోవడమే, 'మావాడు బంగారంలాంటి పళ్ళు చేశాడు, నా చిగుళ్ళే మొండివి' అని. నేను వింటూ కూర్చునేవాణ్ణి."

ఆవిడ చదవడం మానేసింది. కళ్ళు మంటలు పుడుతున్నాయంది. ఫోను ఎత్తడం మానేసింది. ఎవరూ నన్నడగరులే అంది. మేస్త్రి డిక్షనరీ కొనుక్కుని వంటలు తనే చదువుకున్నాడు. స్టూలు ఖాళీగా ఉందని గమనించలేదా అంటే గమనించాడు. కానీ పుస్తకంలో ఉన్నట్టు వంట కుదురుతోందన్న ధ్యాస ఇంకోవైపు లాగింది. ఒకసారి భార్య, "అమ్మకి ఇంకాస్త మెత్తగా ఉడికించొచ్చు కదా" అంటే, "మెత్తగా ఉడికిస్తే అది టాలియటెల్లే ఎందుకవుతుంది? గోడకి పోస్టర్లు అంటించుకోవచ్చు" అని జవాబిచ్చాడు. పైగా అత్తయ్య రెండోసారి కూడా వడ్డించుకునేది. పళ్ళెం పట్టుకుని తన గదిలోకి వెళ్ళి తినేది. ఖాళీ పళ్ళెం వచ్చేది. "చూశావా, రెండోసారి వేసుకున్నారు!" అని భార్య దగ్గర గొప్పలు.

తొమ్మిది రోజుల కిందట, మళ్ళీ ఆదివారమే, భోజనాలయ్యాక ఈయన ఈ గదికి వచ్చాడు. భార్య మధ్యాహ్నం నిద్రలో ఉంది. సగం దారిలో తాళంచెవి మరిచిపోయానని గుర్తొచ్చి వెనక్కి వెళ్ళాడు. వంటగదిలోంచి ఆవిరి.

అత్తయ్య చిన్న గిన్నె ముందు నిలబడి ఉంది. గిన్నెలో పొద్దున ఆయన ఎనిమిది మిల్లీమీటర్లకి కోసిన పట్టీలు గంజిలా ఉడికిపోయి ఉన్నాయి. పక్కన స్టీలు గ్లాసులో నీళ్ళు, నీళ్ళలో పళ్ళు. ఆవిడ స్పూనుతో ఆ గంజి తాగుతూ, తనలో తనే ఏదో మాట్లాడుకుంటోంది. వంటింటి గట్టు మీద పుస్తకం తెరిచి ఉంది.

"చదువుకుంటోందండీ! 'మూడు, సున్నా, సున్నా' అని. పళ్ళు లేని నోటితో. అయిదు నెలల తర్వాత ఆ గొంతు విన్నాను. విని నేనేమన్నాను? 'పాడు చేసేశారే' అన్నాను."

పాలిష్ చక్రం మీట మీద చేయి వేశాడు. మళ్ళీ తీసేశాడు.

"ఇంకా ఉంది, వినండి. ఇది మా ఆవిడకి కూడా తెలీదు." లేచి, మూడో అరలో వెనకనుంచి ఒక సుద్ద దవడ తీసి నా చేతిలో పెట్టాడు. దాని అడుగున పెన్సిలుతో చిన్న అక్షరాలు: 'అత్తయ్య. బైట్ మళ్ళీ తియ్యాలి.'

"ఎవరి రాత ఇది?" అన్నాను, తెలిసే.

"నాదే. బైట్ తీసిన మర్నాడు, సోమవారమే రాసుకున్నాను. అచ్చు చట్రంలో పెట్టగానే తప్పు కనిపించింది. తెలియక కాదండీ. తెలిసే. అత్తయ్యని మళ్ళీ కూర్చోబెట్టి, నిన్న నేను తొందరపడ్డానని చెప్పాలి కదా, అక్కడ ఆగిపోయాను. ఇరవై ఎనిమిదేళ్ళలో బైట్ తప్పింది అనిపించుకోలేదు. అదీ సొంతింట్లో, అదీ పిండి పట్టీల కోసం. ఏ మొహం పెట్టుకుని చెప్పను? దీన్ని వెనక అరలోకి తోసేసి సెట్టు పూర్తి చేసేశాను."

సుద్ద దవడ నా చేతిలో చల్లగా ఉంది. ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే పట్టుకున్నాను.

"మరి తొమ్మిది రోజుల్నించీ ఏం చేశారు?"

"ఏం చేస్తాను? మర్నాడు పాలిష్ చేస్తానని ఆ సెట్టు అడిగి తీసుకున్నాను. ఇక్కడికి తెచ్చి చట్రంలో పెట్టి కొలిచాను. మూడు మిల్లీమీటర్లు. కళ్ళు మూసుకుని చెప్పినా అంతే. సాయంత్రం తీసుకెళ్ళి ఇచ్చేశాను."

"కొత్తదా?"

"అదే! పాలిష్ చేసి అదే ఇచ్చాను. ఆవిడ పెట్టుకుని, అద్దంలో చూసుకుని, దండం పెట్టినంత పని చేసింది. చూశారా నా సంగతి?"

బల్ల కింది అరలోంచి మరో చట్రం తీశాడు. గులాబీ మైనంలో కొత్త పళ్ళు వరసగా గుచ్చి ఉన్నాయి. ముందు రెండింటి మధ్య సన్నటి సందు. తెల్లవారుజామున లేచి వచ్చి వారం రోజులుగా పేర్చాడట. మైనంలోనే ఉన్నాయి కాబట్టి ఎత్తు ఇంకా దిద్దొచ్చు, ఇంక కావలసింది బైట్ ఒక్కటే. దానికి ఆవిడ వచ్చి ఈ కుర్చీలో కూర్చోవాలి. నిన్న పొద్దున అడిగాడు. ఆవిడ చేయి అడ్డం పెట్టుకుని, తక్కువ మాటల్లో, "ఎందుకులే అల్లుడూ. నా చిగుళ్ళ మీద నీ శ్రమ దండగ" అంది.

"తప్పు నాదని చెబితే తప్ప రాదండీ ఆవిడ. చెప్పకపోతే ఇక ఇంతే. ఆ గిన్నె, ఆ గంజి, ఆ నోరు మూసుకోవడం. వచ్చి ఇక్కడ కూర్చుంటే ఒక్క పరీక్ష చాలు. 'సున్నా' అనమంటాను. 'స' పలికేటప్పుడు పై పళ్ళూ కింది పళ్ళూ తగలకూడదు, పక్కపక్కగా వెళ్ళిపోవాలి. ఇరవై ఎనిమిదేళ్ళుగా వచ్చిన ప్రతివాళ్ళనీ అడిగాను. లెక్కలేనన్ని సున్నాలు. ఆవిణ్ణి మాత్రం అడగలేదు. జీవితమంతా సున్నాలు చెప్పిన మనిషిని."

నేను వెళ్ళడానికి లేచాను. ప్లేటు కాగితంలో చుట్టి ఇచ్చాడు. ఇచ్చి, చేయి వదల్లేదు.

"ఇప్పుడు ఇంటికేగా?"

"ఇంటికే."

"ఒక పని చేసిపెట్టాలి. కాదనకండి. పైకి వెళ్ళండి. మా ఆవిడ కౌంటరుకి వెళ్ళిపోయి ఉంటుంది, అత్తయ్య ఒక్కతే ఉంటుంది. హాల్లో ఫోను ఉంది. నేను చేస్తే ఎత్తదు, మోగి మోగి ఆగిపోతుంది. మీరే రిసీవరు ఎత్తి నా నంబరు కలిపి, ఆవిడ చేతికివ్వండి. మొహం చూస్తూ చెప్పాలని తొమ్మిది రోజులు ప్రయత్నించాను, నా వల్ల కాలేదు. ఫోన్లో అయితే అవతల ఎవరు ఏడ్చినా, ఏం వాగినా, లైను కట్ చెయ్యకుండా వినడం ఆవిడకి అలవాటు. ముప్పై ఒక్క ఏళ్ళు అదే పని చేసింది."

"నేనేం చెప్పను ఆవిడతో?"

"ఏమీ చెప్పకండి. చిగుళ్ళ గురించి అసలు ఎత్తకండి, అది నేనే చెప్పాలి." గుమ్మం దాకా వచ్చాడు. నేను రెండడుగులు వేశాక వెనకనుంచి పిలిచాడు.

"ఇదిగో, ఒక్క మాట. ఫోను చేతికిచ్చే ముందు ఆ పళ్ళు తీసి గ్లాసులో పెట్టమనండి. తన గొంతుతో మాట్లాడమనండి."